మాణిక్యాంబ గారి పెరుగు

మా అమ్మ చేత అన్నం మాన్పించడం చేతకాక నేనొక సూక్ష్మజీవిని తయారు చేశాను. మా పరిశోధన పత్రంలో ఈ సంగతి ఇంకోలా రాశాం. మధుమేహం లెక్కలు, వరి తినే జనాభా, ప్రజారోగ్య అవసరం అంటూ రెండు పేజీల ఉపోద్ఘాతం ఉంటుంది. అదేమీ అబద్ధం కాదు. కాకపోతే అసలు కారణం కాకినాడ జగన్నాథపురంలో, మా వంటింట్లో, బియ్యం డబ్బా పక్కన పీట వేసుకుని కూర్చునేది.

అమ్మ పేరు మాణిక్యాంబ. అరవై ఆరేళ్ళు. షుగరు వచ్చి పద్దెనిమిదేళ్ళు. మూడేళ్ళ కిందట ఎడమ కాలి చిటికెన వేలు తీసేశారు. ఆసుపత్రి నుంచి వస్తూ ఆటోలో, డాక్టరుగారు రాసిచ్చిన కాగితం చదివి వినిపించాను. పూటకి ఒక పిడికెడు అన్నం, కంచంలో సగం కూర, మిగతాది పప్పు. అమ్మ శ్రద్ధగా విని ఒకే ఒక్క సందేహం అడిగింది.

"పిడికెడంటే ఎవరి పిడికెడే హైమా? ఆ డాక్టరుగారి చెయ్యి చూశావుగా, చేటంత ఉంది."

నా ఎదురుగా పిడికెడే తినేది. నేను ల్యాబుకి వెళ్ళగానే పెరుగు గిన్నె వెనకాల దాచిన చల్లన్నం బయటికి వచ్చేది. రాగి సంగటి చేసిపెడితే అత్తారింటికి కొత్తగా వచ్చిన కోడలిలా తల వంచుకుని కెలికేది. కాలీఫ్లవర్ తురిమి అన్నంలా ఉడికించి పెడితే, "ఇది ఎవర్ని మోసం చెయ్యడానికే? నన్నా, దాన్నా?" అంది. ఇద్దరం అరుచుకునేవాళ్ళం. మర్నాడు అన్నీ మర్చిపోయి మళ్ళీ అరుచుకునేవాళ్ళం.

రోజూ పొద్దున్నే, ఆవిడ లేవకముందే, దుప్పటి తొలగించి పాదాలు చూసేదాన్ని. ఇంకో వేలు నల్లబడుతుందేమోనని భయం. ఆ భయాన్ని ఎలా చెప్పాలో తెలీక కోప్పడేదాన్ని. అమ్మకి నా కోపమే కనిపించేది పాపం.

నా ఉద్యోగం పెరుగులో ఉండే సూక్ష్మజీవుల మీద. మా ల్యాబులో మనిషి పేగుని పోలిన గాజు గొట్టాలు వరసగా ఉంటాయి. ఒకరోజు వాటిలో మెత్తగా చేసిన అన్నం పోసి, మేము మార్చిన నలభై ఒకటో రకం సూక్ష్మజీవిని ఒక గొట్టంలో కలిపాను. మిగతా గొట్టాల్లో గంట తిరక్కుండా అన్నం కాస్తా చక్కెరగా విడిపోయింది. ఆ ఒక్కదానిలో చక్కెర జాడ లేదు. పరీక్ష తప్పేమోనని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. అన్నంలోని పిండిని అది పట్టుకుని, ఒంటికి పట్టని పీచుగా అల్లేసింది.

మా విభాగాధిపతి ఫణీంద్ర గారు గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"అంటే మనిషి కంచం నిండా తింటాడు, తిననట్టే ఉంటాడు. అంతేనా?" అన్నారు.

"అంతేనండీ" అన్నాను.

ఇద్దరం నవ్వాం. ఆ మాటలో నవ్వాల్సింది ఏమీ లేదని మాకప్పుడు తట్టలేదు.

దానికి ఇంకో మంచి గుణం ఉంది. పేగులో కాపురం పెట్టదు. మూడు రోజులు తినడం మానేస్తే శుభ్రంగా వెళ్ళిపోతుంది. అందుకని ఏ ఇబ్బంది వచ్చినా పెరుగు ఆపేస్తే సరిపోతుందని ధీమాగా ఉన్నాం. జంతువుల మీద పరీక్షలు, అనుమతులు, అన్నీ పూర్తయ్యాక పన్నెండు మంది మీద ప్రయోగం మొదలైంది. వాళ్ళకి వారానికో సీసాడు పెరుగు పంపిస్తాం, అన్నంతో కలిపి తినాలి. పన్నెండో పేరు మా అమ్మది. పరిశోధకులు సొంత మనుషుల్ని చేర్చకూడదు. ఆ నియమం నాకు తెలుసు. ఫణీంద్ర గారికీ తెలుసు. ఆయన చూసీ చూడనట్టు సంతకం పెట్టారు, నేను చేర్చాను.

కాగితంలో ఏడో అంశం: ఈ పెరుగు ఇతరులెవరికీ వడ్డించరాదు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి అక్షరం చదివి, సంతకం చేసింది.

మొదటి రోజు భోజనం నాకింకా గుర్తుంది. కందిపొడి, నెయ్యి, ఆవకాయ, వంకాయ కూర, చివర గడ్డ పెరుగు. పద్దెనిమిదేళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు తింది. రెండు గంటలకి వేలు గుచ్చి చూస్తే మిషను మీద నూట పన్నెండు. అమ్మ మిషనుని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది, పాడైపోయిందేమోనని. మళ్ళీ గుచ్చాం. నూట పద్నాలుగు. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను.

ఆ తర్వాత మూడు నెలలు మా ఇంట్లో అరుపులు లేవు. డాక్టరుగారు మాత్రలు సగానికి తగ్గించారు. అమ్మ సాయంత్రాలు అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళందర్నీ, "భోంచేశావా?" అని అడిగేది. అంతకుముందు కూడా అడిగేదే, కాని ఇప్పుడు గొంతులో దర్జా వచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నూకరత్నం వచ్చింది. వీధి చివర రేకుల ఇంట్లో ఉంటుంది, రొయ్యల షెడ్డులో పొట్టు తీసే పని. కూడా కూతురు లోవ. పదేళ్ళ పిల్ల. ఎప్పుడూ గోడలు దూకుతూ కనిపించేది. ఆ రోజు తల్లి నడుముకి ఆనుకుని, గుమ్మం దాటడానికి ద్వారబంధం పట్టుకుంది.

"డాట్టరమ్మగారూ, ఓపాలి ఈ పిల్లని సూడండి" అంది నూకరత్నం.

నేను ఆ డాక్టరుని కానని ఇరవై సార్లు చెప్పాను. పేరు ముందు డాక్టరని ఉన్నాక మందులు ఎందుకు తెలియవో వాళ్ళకి అర్థం కాదు.

"నెల్లాళ్ళ నుంచీ ఎండిపోతందండి. సెలవులియ్యక ముందు ఇస్కూల్లో రెండుసార్లు పడిపోయింది. పెద్దాసుపత్రిలో సూపిత్తే రక్తం బాగానే ఉంది, తిండి సరిగ్గా పెట్టమన్నారండి. ఎంత పెట్టాలండి ఇంకా? కుండలో అన్నం అంతా ఇదే తింటంది. తిని, ఆకలి అంటందండి."

"తిండంటే ఏం పెడుతున్నావు?" అన్నాను.

"మాకేటుంటాదండి? పొద్దున్న సద్దన్నం, పెరుగు. మద్దేన్నం బళ్ళో భోజనం. ఆడ గుడ్డూ పప్పూ పెడతారు గాని ఇప్పుడు సెలవులు కదండి. రాత్రికి మళ్ళీ అన్నం, పెరుగు, పచ్చడి."

అమ్మ అప్పటికే కంచం పెట్టేసింది. పిల్ల ఎదురుగా కూర్చుని అన్నం కలిపి ముద్దలు చేసి చేతిలో పెడుతోంది. లోవ నమలకుండా మింగుతోంది. అంత ఆత్రంగా తినేవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. నాకెందుకో అమ్మ మిషను అందుకోవాలనిపించింది. పిల్ల వేలు గుచ్చాను. అరవై ఆరు.

కంచం ఖాళీ అయింది. గంట ఆగి మళ్ళీ గుచ్చాను. ఇందాక ఆ పిల్ల తిన్నది పెద్దవాళ్ళు ఇద్దరు తినే అన్నం. మిషను మీద అరవై ఎనిమిది వచ్చింది.

ఎంత తిన్నా కదలని ఆ అంకెలు చూసి మూడు నెలలు పండగ చేసుకున్నాను. ఇప్పుడు మిషను పక్కన పడేసి లేచాను.

గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి తాగించాను. అది పిండి కాదు గనక సూక్ష్మజీవికి దాంతో పని లేదు, నేరుగా ఒంటికి పడుతుంది. పది నిమిషాల్లో పిల్ల కళ్ళు తేటపడ్డాయి. అప్పుడు అమ్మ వైపు తిరిగాను.

"అమ్మా, నీ పెరుగు వీళ్ళకి పెట్టావా?"

"లేదే. ఒట్టు. కాగితం మీద సంతకం పెట్టాను కదా, ఎలా పెడతాను? తోడుకి ఓ చుక్క ఇచ్చానంతే."

నూకరత్నం అందుకుంది. "అవునండి, అమ్మగారి కాడే తోడు అట్టుకెళ్తన్నాను. ఏం పెరుగండీ బాబూ, గడ్డలా ఉంటాది, పులవదు."

అమ్మ అబద్ధం చెప్పలేదు. ఆవిడ లెక్కలో పెరుగు పెట్టడం వేరు, తోడు ఇవ్వడం వేరు. పొరుగింటివాళ్ళు గిన్నె పట్టుకుని తోడుకి వస్తే లేదనే ఇల్లు మా వీధిలో లేదు. ఇచ్చినట్టు ఎవరూ గుర్తు కూడా పెట్టుకోరు. ల్యాబులో ఫ్రిజ్జుకి తాళం పెట్టాం, చేతులకి తొడుగులు వేసుకున్నాం, పాత సీసాలు కాల్చేశాం. పెరుగు మీద పదకొండేళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళం ఎనిమిది మందిమి ఉన్నాం, అందరం పెరుగు తోడు వేసుకునే ఇళ్ళలో పుట్టినవాళ్ళమే. ఏడో అంశం రాసేటప్పుడు ఒక్కరికీ తోడు సంగతి తట్టలేదు.

పైగా అమ్మ, సీసా అయిపోతుంటే చివరి చెంచాతో ఇంట్లో పాలు కూడా తోడు పెట్టేసింది. రోజూ కొత్త పెరుగు, రోజూ తినడం. మూడు రోజుల్లో వెళ్ళిపోవాల్సిన జీవి ఎక్కడికీ వెళ్ళలేదు. సాయంత్రం వీధంతా తిరిగి లెక్కపెట్టాను. పదిహేడు ఇళ్ళలో పదమూడింటి పెరుగు మా అమ్మ పెరుగే. దానికి పేరు కూడా వచ్చింది, మాణిక్యాంబ గారి పెరుగని.

మర్నాడు పొద్దున్నే ఫణీంద్ర గారికి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ పిల్లకి మనం పాలు, గుడ్లు పంపిద్దాం. ఇంకో రెండు వారాలు ఎవరికీ చెప్పకండి. పదమూడు ఇళ్ళ సమాచారం, హైమవతీ! డబ్బు పోసినా దొరకదు."

"పిల్లలు ఉన్నారండీ ఆ ఇళ్ళలో."

"తెలుసు. మీ అమ్మగారు కూడా ఉన్నారు కదా." ఆయన గొంతులో బెదిరింపు ఏమీ లేదు, జాలే ఉంది. "ఇది బయటపడితే ప్రయోగం ఆగిపోతుంది. ఆవిడకి పెరుగు ఆగిపోతుంది. కావాలంటే ఆవిడకి విడిగా వంట, విడిగా గిన్నెలు ఏర్పాటు చేద్దాం. ఎవరికీ ఏమీ పెట్టకుండా, ఆవిడ మటుకు ఆవిడ తింటూ ఉంటారు. ఆలోచించండి."

ఆలోచించాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, రోజంతా ఆలోచించాను. లోవకి గుడ్లు పెడితే లోవ బతుకుతుంది. అమ్మకి అన్నం పెడితే అమ్మ కాలు దక్కుతుంది. రెండూ సర్దవచ్చు కదా అని మనసు పీకింది. ఇంటికి వచ్చి, విడి వంట సంగతి అమ్మకి చెప్పాను.

అమ్మ పూర్తిగా విన్నది. "అంటే నా చేత్తో ఎవరికీ ముద్ద పెట్టకూడదు."

"పెట్టకూడదు."

"ఎవరైనా తోడుకి వస్తే?"

"లేదనాలి. ఎప్పటికీ."

"నేను మాత్రం గదిలో కూర్చుని కడుపు నిండా తినాలి."

నేను తల ఊపాను. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. పెరుగు గిన్నె తెచ్చి, నా ఎదురుగానే పెరట్లో మంట వేసి, ఒక పాత డేగిసాలో పోసి కుతకుతా ఉడికించింది. సూక్ష్మజీవిని ఎలా చంపాలో ఆవిడకి నేను చెప్పలేదు. ల్యాబు సీసా కూడా తెచ్చి అందులోనే కుమ్మరించింది.

"ఉత్తరం రాయి మీ ఆఫీసుకి. నేనీలోపు వీధిలోకి వెళ్ళొస్తాను" అంది.

ప్రయోగాల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీకి ఉత్తరం రాసి పంపి, ఆవిడ వెనకాలే పరిగెత్తాను. అమ్మ ఇంటింటికీ వెళ్ళి ఒకే మాట చెప్పింది. "నా పెరుగులో దోషం ఉంది. పిల్లలకి ఒంట పట్టనివ్వదు. మరగబెట్టి పారబొయ్యండి, గిన్నెలు వేడినీళ్ళతో కడగండి." ఇరవై ఏళ్ళుగా తన చేతి వంటకి పేరున్న మనిషి అలా చెప్పడం నేను చూడలేకపోయాను. చాలామంది మారుమాట్లాడకుండా పారబోశారు. ఇద్దరు ముగ్గురు గొణుక్కున్నారు.

కామేశం మాస్టారు ఒప్పుకోలేదు. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, మా అమ్మకంటే పాత షుగరు రోగి.

"అమ్మా, నాకు రెండు నెలలుగా షుగరు దిగింది. చూపు కాస్త నిలబడింది. పేపరు చదువుకుంటున్నాను. ఇప్పుడు పారబొయ్యమంటే ఎలాగ? ఆ పిల్లని ఇంకో చోట తోడు తెచ్చుకోమనండి."

"మాత్రలు తగ్గించకుండా ఇది తింటే కళ్ళు తిరిగి పడిపోతారండీ" అన్నాను నేను.

"పడితే లేస్తాను" అన్నారాయన. ఆయన భయం నాకు అర్థమైంది. అది మా ఇంట్లో ఉన్న భయమే.

అమ్మ ఆయనతో వాదించలేదు. గేటు వైపు చూస్తోంది. అక్కడ, వేపచెట్టు నీడలో, గుడ్డ చుట్టిన మట్టికుండ ఉంది. ఎండలు ముదిరిన దగ్గర్నుంచీ మాస్టారు దారిన పోయేవాళ్ళకి మజ్జిగ పోయిస్తారు. తండ్రి నాటి నుంచి వస్తున్న అలవాటు. మేము చూస్తుండగానే ఒక రిక్షా కార్మికుడు ఆగి, రెండు గ్లాసులు గటగటా తాగి, టవలుతో మూతి తుడుచుకుని, క్యారియరు విప్పి అన్నం తినడం మొదలుపెట్టాడు.

"మాస్టారూ, ఆ మజ్జిగ ఏ పెరుగుతో చేశారు?" అంది అమ్మ.

ఆయన కూడా గేటు వైపు చూశారు. రిక్షా అతను వంగి ఆబగా తింటున్నాడు. అతని దండ చేతుల మీద ఎముకలు కనబడుతున్నాయి. అవి ఈ మధ్య తేలినవో, ఎప్పటినుంచో అలా ఉన్నవో మాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. అతనిలాంటి వాళ్ళు రోజుకి ఎంతమంది ఆ నీడలో ఆగుతారో ఎవరూ లెక్క పెట్టలేదు.

మాస్టారు కండువా భుజాన వేసుకుని గేటు దాకా నడిచారు. రిక్షా అతన్ని చెయ్యి పట్టుకుని లేపి, "లోపలికి రా నాయనా, పప్పూ కూరా వేసుకుని తిందువుగాని" అన్నారు. తర్వాత కుండని స్వయంగా మోసుకెళ్ళి పొయ్యి మీద పెట్టారు. ఆ పెద్దమనిషి కళ్ళు తుడుచుకోవడం చూసి నేను మొహం తిప్పుకున్నాను.

ప్రయోగం ఆగిపోయింది. మిగతా పదకొండు మందికీ నేనే ఫోను చేసి చెప్పాను. అందులో ఒకావిడ నన్ను శపించింది. నన్ను ఆ విభాగం నుంచి తీసేసి వేరే ల్యాబుకి మార్చారు, తియ్యాల్సిందే. అయిదు రోజులు వీధిలో ఎవరింట్లోనూ పెరుగు లేదు. ఆరో రోజు పెద్దాపురం నుంచి మా పిన్ని కొత్త తోడు తెచ్చింది. నేను పరీక్షించి సరేనన్నాక అమ్మ అందరికీ పంచింది.

ఆ రోజే లోవ మా ఇంట్లో అన్నం తింది. గంట తర్వాత మిషను మీద నూట ముప్పై ఒకటి.

"పెరిగిందాండి? పెరగడం మంచిదా, సెడ్డదా?" అంది నూకరత్నం కంగారుగా.

"దీనికి మంచిది" అన్నాను.

అమ్మ కూడా వేలు చాపింది. రెండు వందల నలభై. లోవ పెరట్లోకి పరిగెత్తి గోడ ఎక్కింది, నూకరత్నం తిట్టుకుంటూ వెనకాల వెళ్ళింది.

మర్నాటి నుంచి మళ్ళీ దాగుడుమూతలు మొదలవుతాయని అనుకున్నాను. ల్యాబు నుంచి చెప్పకుండా మధ్యాహ్నం ఇంటికి వచ్చి చూశాను. అమ్మ ఒక్కతీ కూర్చుని తింటోంది. కంచంలో సగం గోరుచిక్కుడు కూర, ముద్దపప్పు, తోటకూర పులుసు, ఒక మూల పిడికెడు అన్నం. అది చిన్న పిడికెడు. గిన్నెల వెనకాల వెతికాను. ఏమీ లేదు. వారం తర్వాత మళ్ళీ వెతికాను. అప్పుడూ లేదు. డాక్టరుగారు మాత్రలు మళ్ళీ పెంచి, అవి సరిపోవేమో, ఇన్సులిన్ మొదలెట్టాలేమో చూద్దామన్నారు. రెండు నెలలకి నూట అరవై దగ్గరికి వచ్చింది. ఇన్సులిన్ ఇప్పుడే వద్దన్నారు. ఈసారి సూక్ష్మజీవి ఏమీ లేదు, ఆ కంచమే.

నాకు సంతోషమే. కాని ఉక్రోషం కూడా వచ్చింది. పద్దెనిమిదేళ్ళు డాక్టర్లు చెప్పారు, నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఒక వేలు పోయినా మానని మనిషి, ఇప్పుడెలా మానింది?

అడిగేశాను. అమ్మ బీరకాయ చెక్కు తీస్తోంది. చెయ్యి ఆపలేదు.

"ఇన్నాళ్ళూ మీరంతా నా కోసం మానెయ్యమన్నారే. నా ఒక్కదాని కోసం అంత కష్టం దేనికిలే అనిపించేది. ఈసారి ఆ పిల్ల కోసం మానాను" అంది.

నేను ఆవిడ పక్కన కూర్చుని ఇంకో బీరకాయ అందుకున్నాను.